లారీ పొగకు ధర కట్టిన కథ

కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు, చీమకుర్తి నుంచి గ్రానైట్ మోసే లారీలు వదిలే పొగను పన్నులతో, ధరలతో తగ్గించాలని ప్రభుత్వాలు చాలాకాలంగా చూస్తున్నాయి. ఆ లెక్క ఇప్పటికీ సరిగా కుదరలేదు.

ముందు డీజిల్ సంగతి. రైతుకూ, సరుకు రవాణాకూ మేలని కేంద్రం దాని ధర పెరగకుండా ఏళ్ల తరబడి పట్టి ఉంచింది. ఆ లాభం కార్లవాళ్లకూ అందడంతో డీజిల్ కార్లు బాగా పెరిగాయి. 2013 జనవరి నుంచి నెలకు 50 పైసల దాకా పెంచుతూ పోయి, 2014 అక్టోబరులో ధరను మార్కెట్‌కు వదిలేశారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (వాహనాల పొగకు హద్దులు పెట్టే కొత్త ప్రమాణం) వచ్చాక డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 (పీపీఎం) నుంచి 10కి తగ్గింది. నా దృష్టిలో ఇన్నేళ్లలో జరిగిన పెద్ద మేలు ఇదే. కాకపోతే పాత ఇంజన్లకు పొగను వడకట్టే ఫిల్టర్ ఉండదు, ఎంత మంచి డీజిల్ పోసినా.

ఆ పాత బండ్ల కోసమే గ్రీన్ ట్యాక్స్, అంటే వయసు మీరిన వాహనాలపై వేసే అదనపు పన్ను. మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటిన రవాణా వాహనానికి చాలాకాలం అది ఏడాదికి 200 రూపాయలే. 2021 చివర్లో మూడు నెలలకోసారి కట్టే వాహన పన్నుకు (క్వార్టర్లీ ట్యాక్స్) ముడిపెట్టి పెంచడంతో పన్నెండేళ్లు దాటిన పెద్ద లారీకి 20 వేల దాకా పడింది. ఓనర్లు గగ్గోలు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక గరిష్ఠంగా 3,000కు దించారు. అంటే ఓ ముప్పై లీటర్ల డీజిల్ ఖరీదు.

ఓనర్ల బాధ నిజమైనదే. పాత లారీ కొనేది ఎక్కువగా ఒకటి రెండు బండ్లతో బతికేవాళ్లు. కొత్తదానికి ఫైనాన్స్ పుట్టనివాడిపై పన్ను పెంచితే బండి మార్చడు, ఓవర్‌లోడ్ వేసి ఆ డబ్బు రాబట్టుకుంటాడు. పైగా ఈ పన్ను బండి వయసునే చూస్తుంది. ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత పొగ వదిలింది అన్నది దానికి పట్టదు.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి బాగుచేయాల్సిన నగరాల మొదటి జాబితాలోనే నెల్లూరు ఉంది, ఒంగోలు తర్వాత చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో, వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగంతో వెంకటాచలం–ఓబులవారిపల్లె రైలు మార్గం ప్రారంభమైంది. పోర్టు సరుకు రాయలసీమ వైపు రైల్లో వెళ్లడానికి దూరం తగ్గింది. దీన్ని పొగ తగ్గించే పనుల్లో ఎవరూ లెక్కేయరు, వేయాలి.

పాత వాహనాలను తుక్కుగా మార్చేందుకు కేంద్రం 2021లో తెచ్చిన విధానం ప్రకారం పాత బండి అప్పగించి కొత్తది కొంటే రవాణా వాహనానికి రోడ్ ట్యాక్స్‌లో 15 శాతం దాకా రాయితీ ఉంది. కొత్త లారీ కొనే స్తోమత ఉన్నవాడికే అది అక్కరకొస్తుంది. గ్రీన్ ట్యాక్స్ సొమ్మును విడిగా ఉంచి, పాత లారీని తుక్కుకిచ్చిన చిన్న ఓనరుకు డౌన్ పేమెంట్ సాయంగా ఇవ్వాలి. అప్పుడు 3,000 కన్నా ఎక్కువ అడిగినా కట్టేవాళ్లు ఉంటారు.