ఒక్కసారే కనబడ్డ పురుగు

కాశీనగరం నుంచి మా పాత విద్యార్థి ఒకడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అరచేతిలో గోరంత నల్లటి పేడపురుగు. కింద ప్రశ్న: "మాస్టారూ, మన జిల్లా పేడపురుగుల లిస్టులో ఇలాంటిది లేదు. కొత్త జాతి దొరికినట్టేనా?"

ఆ మాట అనడం తొందరే. కొత్త జాతి అంటే లోకంలో ఎవరూ ఇంతవరకు పేరు పెట్టనిది. ప్రాంతానికి కొత్త అంటే, పేరు ఎప్పుడో పెట్టేశారు, ఇక్కడ ఉందని మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. పురుగు ఏనాటినుంచో మన పశువుల వెనకే కాపురం ఉంటోంది. కొత్తది, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసి దాని సూదికి గుచ్చిన చీటీ.

ఆ చీటీ గొడవ మా పర్లాకిమిడి వైపు మరీ ఎక్కువ. ఏ మ్యూజియం పెట్టెలోనో 1910 నాటి పురుగు కింద "గంజాం" అని మాత్రమే ఉందనుకోండి. అప్పటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా, శ్రీకాకుళం కూడా అందులోదే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. 1992లో మళ్ళీ గంజాం నుంచి మా గజపతి జిల్లా విడిపోయింది. ఇంతకీ ఆ పురుగు ఏ రాష్ట్రానిది? "బర్హంపూర్" అని ఉంటే ఇంకా తలనొప్పి. మన బరంపురం ఒకటి, బెంగాల్లో ముర్షిదాబాద్ వైపు ఇంకోటి. అందుకే ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పట్టినవాడి పేరు లేని పురుగుని నేను చేత్తో కూడా ముట్టుకోను.

పేడపురుగు కూడా పెంకు పురుగే, కానీ పెంకు పురుగుల శరీర భాగాలు ఇక్కడ చెప్పబోవడం లేదు. కీటకాల పుస్తకాల్లో ఉన్నాయి, చదివితే నిద్ర కూడా బాగా పడుతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. పురుగుల సర్వే అనగానే పిల్లలు ముందు తెచ్చేది ఆరుద్ర పురుగు. ఎర్రగా మఖమల్‌లా ఎంత ముద్దుగా ఉన్నా దానికి ఎనిమిది కాళ్ళు. అది సాలీడు వైపు చుట్టం, అసలు కీటకమే కాదు. మిణుగురు మాత్రం అచ్చమైన పెంకు పురుగు. చీకట్లో దాన్ని చూసి కొరివిదెయ్యం అని జడుసుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

ఉచ్చు వేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఐస్‌క్రీమ్ డబ్బా అంచు నేలకి సమంగా వచ్చేలా పాతాలి. వెంట్రుకంత అంచు పైకి ఉన్నా పురుగు పక్కనుంచి తిరిగి పోతుంది. లోపల సర్ఫు నీళ్ళు, గుప్పెడు ఉప్పు. రెండు పుల్లల మీద గాజుగుడ్డలో మూటగట్టిన పేడ వేలాడదీసి, వానకి అడ్డంగా పైన అరటాకు ముక్క. తొలకరి తర్వాత ఇలా పెడితే తెల్లారేసరికి డబ్బా అడుగు నల్లగా ఉంటుంది. టీ జల్లెడలో వడకట్టి కడిగి, పెద్దవాటికి కుడి రెక్క పెంకులోంచి సూది గుచ్చుతాం. నడుమ గుచ్చితే గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగాలు పాడవుతాయి.

ఇక నాకు పిచ్చి ఇష్టమైన సంగతి. పట్టినవి లెక్కపెట్టి, పట్టనివి ఎన్నో చెప్పొచ్చు.

వారపు సంతలో ఒక మూల కూర్చుని నడిచిపోయే ముఖాలన్నీ రాసుకుంటున్నారనుకోండి. మొదట అన్నీ కొత్తవే. గంట గడిచాక టీ కుర్రాడు ఎనిమిదిసార్లు పోయాడు, చేపల ముసలమ్మ అయిదుసార్లు. ఒక్కసారే కనబడ్డ ముఖాలు ఇంకా బోలెడుంటే సంతలో మీరు చూడనివాళ్ళు చాలామంది ఉన్నట్టు. అందరూ మూడేసిసార్లు కనబడ్డారంటే సంత దాదాపు చూసేసినట్టే. మొత్తం నడకల్లో ఒంటరి ముఖాల వాటా ఎంతో, తర్వాత నడిచొచ్చేది కొత్త ముఖం అయ్యే అవకాశం సుమారుగా అంత. ఈ ఊహ ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్‌ది. యుద్ధకాలంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పుతూ పట్టుకున్నాడు. ఆయనతో పనిచేసిన ఐ. జె. గుడ్ 1953లో అచ్చువేశాడు. 1984లో తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావ్ ఇంకో మెట్టు ఎక్కింది. ఒక్కసారే దొరికిన జాతుల సంఖ్యని వర్గం చేసి, రెండుసార్లు దొరికినవాటి సంఖ్యకి రెట్టింపుతో భాగిస్తే కనీసం ఎన్ని జాతులు తప్పించుకున్నాయో వస్తుంది.

లెక్క కోసం 312 పురుగులు, 19 జాతులు అనుకుందాం. అందులో ఒంటరివి, అంటే ఒక్కసారే దొరికిన జాతులు 6, జంటవి, అంటే రెండుసార్లు దొరికినవి 3. 36ని 6తో భాగిస్తే 6. అంటే మొత్తం 25. "కనీసం" అన్నది మరవకండి. గాజుల కొట్టువాడు కదలకుండా కూర్చుంటే మీ నడకల లెక్కలోకి ఎప్పటికీ రాడు. పేడ మూటకి మిణుగురు రానట్టే.

మోసం ఎక్కడుందంటే, బరువంతా ఆ ఒంటరివాటి మీదే. ఆంథోఫేగస్ అని రెండు వేలకు పైగా జాతులున్న ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేడపురుగుల్లో ఉంది. దాని జాతులు చాలావాటిలో బాగా తిన్న పెద్ద మగవాటికి కొమ్ములుంటాయి. తల్లి దాచిన పేడ ఉండ చిన్నదైతే కొడుక్కి కొమ్ము మొలవదు. కొమ్ములవాడు ఆడది ఉన్న సొరంగం ముఖద్వారంలో కాపలా కాస్తుంటే, కొమ్ములేనివాడు పక్కనుంచి దొంగసొరంగం తవ్వి ఆడదాన్ని చేరుకుంటాడు. మన కుర్రాళ్ళు ఆ దొంగని చూసి వేరే జాతి అని రాసేస్తారు. పై లెక్కలో ఒంటరివి రెండు అలాంటివే, ముందే లెక్కలోకి వచ్చిన జాతుల దొంగమగవే అయితే? జాతులు 17, ఒంటరివి 4. 16ని 6తో భాగిస్తే మూడుకి కాస్త తక్కువ. 25 కాస్తా 20కి దిగిపోయింది. రెండు తప్పులకి అయిదు జాతులు మాయం! అందుకే ఒంటరిగా దొరికిన మగదాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, కొన వంచిన సూదితో పొట్ట చివర్నుంచి జననాంగం బయటికి లాగి చూడాలి. చీమ తలంత గట్టి ముక్క అది, దగ్గరి జాతుల్లో కూడా ఆకారం వేరుగా ఉంటుంది.

కాశీనగరం పురుగుకి కొమ్ముల్లేవు. దొంగమగదేమో అనుకుని పొట్టవైపు ఫొటో కూడా తీయమన్నాను. చూస్తే ఆడది. వాడికి దొరికింది అదొక్కటే. మగది చేతికి వస్తేగానీ పేరు చెప్పలేనని, మళ్ళీ ఉచ్చు పెట్టమని అన్నాను. ఆవుపేడ చాలా, గేదె పేడ కావాలా అని అడిగాడు. రెండూ పెట్టమన్నాను, వేరువేరు డబ్బాల్లో, వేరువేరు చీటీలతో.