చేతితో చేసుకున్న గేమింగ్ పరికరానికి బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో అరచేతిలో ఇమిడే గేమింగ్ పరికరాలు తయారుచేసే విద్యార్థులకు నేను ఎలక్ట్రానిక్స్ నేర్పుతుంటాను. ఆటలు ఎక్కించడంలో చూపే శ్రద్ధలో సగమైనా బ్యాటరీ మీద చూపరన్నది నా బెంగ.

అపోహ: ఛార్జింగ్ మాడ్యూల్ ఉంటే ఏ లిథియం సెల్‌నైనా ఛార్జ్ చేయవచ్చు.

వాస్తవం: బజారులో దొరికే, టీపీ4056 అనే ఛార్జింగ్ చిప్ ఉన్న మాడ్యూళ్లు సాధారణంగా 1 ఆంపియర్ ఛార్జింగ్ కరెంటుకు అమర్చి వస్తాయి. 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, అంటే సెల్ సామర్థ్యం) సెల్‌కు అది సరిపోతుంది కానీ, 500 ఎంఏహెచ్ పౌచ్ సెల్‌కు (మెత్తని సంచిలాంటి చదునైన సెల్) దాని సామర్థ్యానికి రెట్టింపు కరెంటు అవుతుంది. ఒక విద్యార్థి తెచ్చిన పరికరంలో వెనక మూత గోరు పట్టేంత సందుతో పైకి లేచి ఉంది. విప్పి చూస్తే లోపల చిన్న సెల్ దిండులా ఉబ్బి కనిపించింది, మాడ్యూల్ చిప్ పక్కన ఆవగింజంత రెసిస్టర్ మీద 122 అని ఉంది. ఛార్జింగ్ కరెంటును నిర్ణయించేది ఈ రెసిస్టరే. 122 అంటే 1.2 కిలో ఓమ్‌లు, అంటే 1 ఆంపియర్. దాని స్థానంలో 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే కరెంటు సుమారు 250 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. ఉబ్బిన సెల్‌ను మళ్లీ ఛార్జ్ చేయకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

అపోహ: ఛార్జ్ అవుతుండగానే ఆడుకోవచ్చు.

వాస్తవం: ఛార్జింగ్ కరెంటు, అమర్చిన విలువలో పదో వంతుకు తగ్గినప్పుడు మాత్రమే టీపీ4056 చిప్ ఛార్జింగ్ ఆపుతుంది. పరికరం అంతకంటే ఎక్కువ లాగుతూ ఉంటే ఆ క్షణం రాదు, సెల్ పూర్తి ఛార్జ్ స్థాయి అయిన 4.2 వోల్టుల దగ్గరే గంటల తరబడి నిలిచిపోతుంది. ఛార్జర్ నుంచి పరికరానికి విడిగా దారి ఇచ్చే సర్క్యూట్ కట్టాలి, లేదా ఛార్జింగ్ అయ్యేదాకా పరికరాన్ని ఆపి ఉంచాలి.

అపోహ: రక్షణ సర్క్యూట్ ఉంది కాబట్టి సెల్ పూర్తిగా ఖాళీ అయినా ఫర్వాలేదు.

వాస్తవం: ఈ మాడ్యూళ్ల మీద తరచుగా కనిపించే డీడబ్ల్యూ01 అనే రక్షణ చిప్, సెల్ వోల్టేజీ సుమారు 2.4 వోల్టులకు పడిపోయేదాకా దాన్ని పరికరం నుంచి విడదీయదు. అది ఆఖరి కాపలా మాత్రమే. 3.3 వోల్టుల దగ్గరే పరికరం తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు చేసుకోవాలని నేను పట్టుబడతాను.

అపోహ: ప్లగ్ సరిగ్గా అమరితే ప్లస్, మైనస్ సరిపోయినట్టే.

వాస్తవం: బ్యాటరీలకు వచ్చే జేఎస్‌టీ కనెక్టర్లలో (రెండు పిన్‌ల చిన్న ప్లగ్‌లు) ఏ పిన్ ప్లస్ అన్నది అమ్మేవారిని బట్టి మారుతుంది. తగిలించే ముందు మల్టీమీటర్‌తో చూడండి, ఎర్ర తీగను చూసి నమ్మకండి.