కణితి దాకా చేరే బంగారం

సీటీ స్కాన్‌లో ఎముక తెల్లగా తేలిపోతుంది. కణితి అలా కాదు, పక్కనున్న మెత్తటి కండలో కలిసిపోతుంది. అందుకే అయోడిన్ ఉన్న మందు నరానికి ఎక్కిస్తారు. అది ఒంట్లో అంతటా తిరిగి, కొన్ని గంటల్లో చాలావరకు మూత్రంలో పోతుంది. బంగారమైతే 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రేలను, అంతే బరువున్న అయోడిన్ కంటే రెండున్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది. ఇక కావలసింది, దాన్ని కణితి దగ్గర నిలబెట్టడం.

నానో రేణువులుగా, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా మారిన బంగారం నీళ్లలో కెంపు రంగులో ఉంటుంది. అందులో చిటికెడు ఉప్పు వేస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుని, ఎరుపు కాస్తా క్షణాల్లో నీలంగా మారుతుంది. రక్తం కూడా ఉప్పునీరే. అక్కడే పెప్టైడ్ అవసరం పడుతుంది. ఇది కొన్ని అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని చివర సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, అందులోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రేణువు చుట్టూ ఇలాంటి గొలుసులు ఒత్తుగా అల్లుకుంటే ఉప్పు కలిపినా ఎరుపు చెదరదు. నాకు ఈ రంగులోనే సగం విషయం కనిపిస్తుంది.

పెప్టైడ్ చేయాల్సిన రెండో పని కణితిని గుర్తుపట్టడం. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుసను కణాలు పట్టుకుంటాయని 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి అనే శాస్త్రవేత్తలు చూపించారు. కణితి తనకోసం పెంచుకునే కొత్త రక్తనాళాల మీద ఈ వరుసను పట్టే ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు ఎక్కువగా ఉంటాయి.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నా, ఒంట్లోకి వెళ్లాక కథ వేరు. అంతకుముందు పదేళ్ల పరిశోధనలను టొరంటో శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. గుర్తుపట్టే అణువులు తగిలించినవాటికి 0.9, తగిలించనివాటికి 0.6. తేడా అంతే! మిగతావాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం లాగేసుకుంటాయి. రేణువు పూతతో సహా సుమారు 5.5 నానోమీటర్ల లోపు ఉంటేనే మూత్రపిండాలు దాన్ని సులువుగా వడకట్టి పంపేయగలవు.

అందుకే ఎలుకలో కణితి మెరిసిందని ఎవరైనా ఫొటో చూపిస్తే, నేను ముందు వెతికేది కాలేయం ఎంత మెరిసిందనే. కాలేయంలోనే కణితి ఉన్న రోగికి ఆ మెరుపే పెద్ద అడ్డంకి.