కొత్త ఊళ్లో ఏరియాలు తిరగడం: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పదకొండేళ్లుగా కొత్తగా వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని వీధులు తిప్పడమే నా పని. తిండి, షాపింగ్, రాత్రి సరదాలు, అన్నీ నడకలోనే చూపిస్తాను. బయల్దేరిన పది నిమిషాల్లోనే కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. వాటిని నమ్మి మంచి సాయంత్రాలు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒకసారి వెళ్లి చూస్తే ఆ ఏరియా సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వాదించేది ఈ మాట మీదే. ఏ వీధైనా వేళకో రకంగా ఉంటుంది. ఒకసారి నలుగురిని సాయంత్రం నాలుగింటికి ఒక సన్నటి సందులోకి తీసుకెళ్లాను. షట్టర్లు చాలావరకు దించే ఉన్నాయి. ఒకతను గుమ్మం ముందు నీళ్లు చల్లుతున్నాడు. ఇంకొకతను ఖాళీ సీసాల క్రేట్లు పేర్చి తాడు బిగిస్తున్నాడు. "ఇక్కడేముందండీ, పదండి" అన్నారు. ఎనిమిదిన్నరకు మళ్లీ అక్కడికే తీసుకొచ్చాను. నీళ్లు చల్లిన చోట బల్లలు వేశారు, వాటి చుట్టూ జనం నిలబడే తింటున్నారు. క్రేట్లు ఉన్న గోడ దగ్గర లోపలికి వెళ్లడానికి క్యూ ఉంది. "ఇది వేరే వీధి కదూ?" అని అడిగిందొకావిడ. నాలుగింటికి తను ఫొటో తీసుకున్న నీలం తలుపు చూపించేదాకా నమ్మలేదు.

అందుకే మూడు రోజులు ఉండేవాళ్లకు మూడు ఏరియాలే చెబుతాను. ఒక్కోదానికి రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లమంటాను.

అపోహ: రేటింగ్ బాగుంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

వాస్తవం: ఆ అంకెలో రుచి, పార్కింగ్, వెయిటర్ మాట తీరు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మిషెలిన్ గైడ్‌నే తీసుకోండి. ఒక టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్లకు ఉచితంగా పంచిన పుస్తకం అది. 1926లో హోటళ్లకు స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ స్టార్ ప్లేటులోని వంటకే గానీ హాలు అలంకరణకు కాదు. స్టార్ దేనికిచ్చారో తెలుసు కాబట్టి దానికో అర్థం ఉంది. ఆన్‌లైన్ రేటింగ్‌లో ఆ సంగతి తెలియదు. అందుకని నేను అంకె పక్కన పెట్టి, ఈమధ్య వచ్చిన రివ్యూల్లో మూడు స్టార్లు ఇచ్చినవాళ్లవి చదువుతాను. బాగున్నదీ బాగాలేనిదీ విడివిడిగా చెప్పేది వాళ్లే.

అపోహ: ఒకే రకం కొట్లు వరసగా ఉంటే అది టూరిస్టులను పట్టడానికే.

వాస్తవం: చాలాసార్లు కాదు. పోటీ పడే ఇద్దరు వ్యాపారులు దూరంగా జరగడం మానేసి పక్కపక్కకే ఎందుకు చేరతారో హెరాల్డ్ హోటలింగ్ అనే ఆర్థికవేత్త 1929లోనే లెక్క గట్టి చూపించాడు. కొనేవాళ్లకూ నాలుగు చోట్ల పోల్చి చూసుకునే వీలుంటుంది. అలాంటి వీధిలో చివరిదాకా ఊరికే నడవండి, వెనక్కి వచ్చేటప్పుడు కొనండి.

అపోహ: మంచివన్నీ మెయిన్ రోడ్డు మీదే ఉంటాయి.

వాస్తవం: అక్కడ అద్దె ఎక్కువ. కొత్తగా, సొంత తీరులో వంట మొదలుపెట్టేవాళ్లు ఒకటి రెండు వీధులు లోపలికి వెళ్తారు, లేదా మెట్లెక్కుతారు. టోక్యోలోని షింజుకులో ఒకే భవనంలో అంతస్తుకో తినే చోటు, బార్ ఉంటాయి. కింద నుంచి పైదాకా నిలువు బోర్డులు చదవనివాళ్లకు అవి ఉన్నట్టే తెలియదు. తల పైకెత్తి నడవండి.

అపోహ: రాత్రి జనం ఎక్కువున్న వీధిలోనే ప్రమాదం, ఖాళీగా ఉన్న దారే మేలు.

వాస్తవం: ఈ మాట నమ్మి ఎవరైనా చీకటి దారి పట్టారంటే నాకు టెన్షన్. వీధిని కాపాడేది దాని మీద ఉండే కళ్లేనని నగరాల గురించి రాసే రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో రాసింది. అక్కడ ఉండేవాళ్లు, కొట్టు నడిపేవాళ్లు, వచ్చీపోయేవాళ్లు. నేను చూసే గుర్తులు మూడు: ఆడవాళ్లు ఒంటరిగా, తీరిగ్గా నడుస్తున్నారా, లైటు వెలుగుతున్న కొట్లు ఉన్నాయా, స్టేషన్‌కు వెళ్లే దారిలోనూ అదే వెలుతురు ఉందా. చాలామంది ఈ మూడోది మర్చిపోతారు.

అపోహ: ఎంత ఆలస్యమైనా తిరిగి వెళ్లడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

వాస్తవం: లండన్‌లో రాత్రంతా నడిచే మెట్రో 2016లో మొదలైంది, అదీ కొన్ని లైన్ల మీద, శుక్ర, శనివారం రాత్రులే. మంగళవారం రాత్రి దాన్ని నమ్ముకుంటే కుదరదు. తిండికీ అంతే. తలుపు మీద రాసిన మూసే టైమ్ వేరు, వంటింట్లో లాస్ట్ ఆర్డర్ టైమ్ వేరు, అది ముందే అయిపోతుంది. కూర్చోగానే అడగండి. బయల్దేరే ముందు ఆఖరి రైలు టైమ్ చిన్న కాగితం మీద రాసి అందరి జేబుల్లో పెడతాను, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుందని. నడిచే దూరం లెక్కేసుకుని, దానికి ఇంకో ఇరవై నిమిషాలు కలుపుకుని బిల్లు అడగండి.