లిఫ్ట్ లేకుండా ఇంటి దగ్గరే స్పోర్ట్స్ కారు క్లచ్ మార్చడం: అపోహలు - వాస్తవాలు

లిఫ్ట్ ఉన్న చోటా, లేని చోటా స్పోర్ట్స్ కార్లకు క్లచ్‌లు మార్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఇంటి దగ్గర ఈ పనికి పూనుకునేవారు నన్ను అడిగేది ఎక్కువగా బరువు గురించే. అంత పెద్ద గేర్‌బాక్స్‌ను ఎలా దించాలి, మళ్లీ ఎలా ఎక్కించాలి అని. నిజానికి ఈ పనిలో కండబలం సాయపడేది తక్కువ, చెడగొట్టేది ఎక్కువ. కొలుచుకుని, వరసకు తెచ్చి, చేత్తో తోస్తే అమరేదాకా ఆగగలిగినవారికే ఈ పని సజావుగా ముగుస్తుంది.

అపోహ: గేరు పడకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయినట్టే.

వాస్తవం: కారును జాకీ మీదకు లేపకముందే తేల్చుకోవలసిన విషయమిది. ప్లేటు అరిగితే కనిపించే లక్షణం జారడం. పై గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఇంజను వేగం ముల్లు పైకి లేచినా కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే పళ్లు కరకరలాడటం వేరే జబ్బు. అక్కడ క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ముందు క్లచ్ ద్రవం డబ్బాలో మట్టం చూడండి. తర్వాత స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే చిన్న సిలిండర్) రబ్బరు తొడుగు అంచును వేలితో కాస్త ఎత్తండి. లోపల తడి తగిలితే సీలు పోయింది. సిలిండర్ బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే, గేర్‌బాక్స్ ముందరి గంట ఆకారపు డొప్ప) బయట ఉన్న కార్లలో దాన్ని మార్చి, ద్రవం గొట్టంలో చేరిన గాలి తీస్తే సరిపోతుంది, గేర్‌బాక్స్ దించే పనే లేదు.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు వచ్చే రొద, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగును అనుమానించండి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగు.

అపోహ: ఒక స్పోర్ట్స్ కారుకు క్లచ్ మార్చినవారు ఏ స్పోర్ట్స్ కారుకైనా మార్చగలరు.

వాస్తవం: ఇంజను ముందు, దాని వెనకే గేర్‌బాక్స్, నడిచేది వెనక చక్రాలు - మాజ్దా ఎంఎక్స్-5 లాంటి ఈ అమరిక ఇంటి పనికి అనువైనది. పోర్షె 944, 1997లో వచ్చిన ఐదో తరం షెవర్లే కార్వెట్ అలా కావు. వాటి గేర్‌బాక్స్ కారు వెనక, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు బలాన్ని పంచే గేర్ల పెట్టె) దగ్గర ఉంటుంది. క్లచ్ మాత్రం ముందు, ఇంజను దగ్గరే ఉంటుంది. రెంటినీ కలిపే పొడవాటి గొట్టాన్ని, అంటే టార్క్ ట్యూబును, కదిలిస్తే తప్ప క్లచ్ దగ్గరకు చేయి పోదు. ఇలాంటి కారును తొలి ప్రయత్నానికి ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

అపోహ: లిఫ్ట్ లేకపోతే గేర్‌బాక్స్ కింది నుంచి బయటికి రాదు.

వాస్తవం: కావలసింది ఎత్తు. గేర్‌బాక్స్ జాకీని పూర్తిగా దించినప్పుడు దాని ఎత్తు ఎంతో కొలవండి. దానికి బెల్ హౌసింగ్ ఎత్తు కలపండి. కారు తలుపుల కింది అంచు అంతకన్నా పైన ఉండాలి. కొలిచే పని కారు నేల మీద ఉండగానే చేయండి. గేర్‌బాక్స్ ఊడిపోయాక ఎత్తు చాలదని తెలిస్తే, ఊగుతున్న బరువు కింద ఉండగా కారును మళ్లీ లేపాల్సి వస్తుంది. అది చాలా ప్రమాదం.

ఎత్తే పద్ధతిలో మాత్రం నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను. నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి, సమంగా ఉండాలి. తారు నేల ఎండకు మెత్తబడి స్టాండు కాళ్లను లోపలికి దిగనిస్తుంది. ఒక వైపు లేపేటప్పుడు రెండో వైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టండి. స్టాండ్లు తయారీదారు చూపిన చోట్లలోనే ఆనాలి. జాకీ లేపడానికి మాత్రమే, నిలిపి ఉంచడానికి కాదు. లోపలి సీలు లీకైతే అది దిగిపోతుంది. సిమెంటు ఇటుకలను ఆధారంగా వాడనే వాడొద్దు, అవి ముందు పగుళ్లు చూపించకుండా ఒక్కసారిగా ముక్కలవుతాయి. నాలుగు స్టాండ్ల మీద నిలిపాక, కిందికి దూరకముందు, బయట నిలబడి కారును రెండు చేతులతో గట్టిగా తోసి చూడండి. కదిలితే దించి మొదటి నుంచీ మొదలుపెట్టండి. విప్పిన చక్రాలను తలుపుల కింద పడుకోబెట్టండి, రెండో రక్షణగా పనికొస్తాయి.

చిన్న స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్ కూడా 30 - 40 కిలోలు తూగుతుంది. దాన్ని గుండెల మీదకు దించుకుని, గుండెల మీద నుంచే ఎత్తిన వారిని చూశాను. గేర్‌బాక్స్ జాకీ అద్దెకు తెచ్చుకోండి, లేదా మరో మనిషి సాయం తీసుకోండి.

అపోహ: విప్పడంలో కష్టమంతా తుప్పు పట్టిన నట్లదే.

వాస్తవం: అవీ ఉంటాయి, ముందు రోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచితే చాలావరకు లొంగుతాయి. మొదటిసారి చేసేవారిని ఆపేసేది బెల్ హౌసింగ్ పై బోల్టులు. వాటికి పక్క నుంచి స్పానర్ పట్టదు. గేర్‌బాక్స్ తోకవైపు నుంచి, 60 - 90 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా ఎక్స్‌టెన్షన్ కడ్డీలు కలిపి, చివర వంగే కీలు తగిలించి సాకెట్ పెట్టాలి. తోకను జాకీ మీద కాస్త దించితే దారి తెరుచుకుంటుంది. అయితే తోక దిగితే ఇంజను వెనక భాగం కూడా వంగుతుంది. అప్పుడు పైన ఏ పైపు నలుగుతోందో, ఏ సెన్సరు గోడకు తగులుతోందో లేచి చూడండి. గేర్‌బాక్స్ వచ్చాక ఇంజను వేలాడకుండా కింద చెక్క పెట్టి ఆపండి.

ఇంకో రెండు మాటలు. స్టార్టర్ మోటారు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి, ఎందుకంటే స్టార్టర్‌కు వెళ్లే లావు తీగలో తాళంచెవి తీసేసినా కరెంటు ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే కడ్డీ) విప్పే ముందు రెండు అంచుల మీదా రంగుతో ఒక గీత గీయండి, తిరిగి అదే స్థానంలో బిగించాలి.

అపోహ: గేర్‌బాక్స్ పూర్తిగా లోపలికి పోకపోతే బోల్టులు బిగిస్తే అదే దగ్గరకు వస్తుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఎలా జరుగుతుందో చెబుతాను. గేర్‌బాక్స్ సాఫీగా ముందుకు వెళ్లి, ఇంజనుకు వేలి మందం దూరంలో ఆగిపోతుంది. అప్పటికి చేతులు లాగేస్తుంటాయి, బోల్టు చేతిలోనే ఉంటుంది, నాలుగు చుట్లు బిగిస్తే ఖాళీ తగ్గుతున్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం బెల్ హౌసింగ్ చెవి పగులుతుంది, లేదా ప్లేటు నడిమి భాగం వంగుతుంది, లేదా పైలట్ బేరింగు (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను ఇంజను వైపు పట్టి ఉంచే చిన్న బేరింగు) దెబ్బతింటుంది.

అక్కడ ఆగి, ఆ ఖాళీని చుట్టూ తడిమి చూడండి. పైన ఖాళీ ఎక్కువైతే గేర్‌బాక్స్ తోక దిగిందన్నమాట, దాన్ని కొంచెం ఎత్తండి. కింద ఎక్కువైతే తోకను దించండి. చుట్టూ ఒకేలా ఉంటే, షాఫ్ట్ పళ్లు ప్లేటు పళ్లతో కలవలేదు. గేరులో వేసి, వెనక షాఫ్ట్‌ను చేత్తో వెంట్రుకవాసి తిప్పుతూ గేర్‌బాక్స్‌ను ముందుకు నెట్టండి. పళ్లు కలిసిన క్షణం అరచేతికి తెలుస్తుంది. అంతవరకూ మొండికేసినది మెత్తగా జారి, అంచుకు అంచు తాకుతుంది. ఆ తర్వాత బోల్టులన్నీ వేళ్లతోనే తిరగాలి. ఈలోగా గేర్‌బాక్స్ బరువు ఒక్క క్షణం కూడా షాఫ్ట్ మీద వేలాడకూడదు.

అసలు ఇక్కడ ఇబ్బంది రాకుండా ఉండాలంటే ముందే ప్లేటు నడిమికి రావాలి. అలైన్‌మెంట్ కడ్డీ పెట్టి, ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటును నొక్కి పట్టే స్ప్రింగు మూత) బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, చివరికి మాన్యువల్ చెప్పిన లెక్కకు టార్క్ రెంచ్‌తో తేవాలి. కడ్డీని ఒకసారి బయటికి తీసి మళ్లీ పెట్టి చూడండి. జారినట్టు పోవాలి. ప్లేటు ఏ ముఖం ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) వైపు ఉండాలో దాని మీద రాసి ఉంటుంది, చదివి మరీ పెట్టండి. తిరగేసి బిగిస్తే పనంతా మళ్లీ చేయాలి.

అపోహ: ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు.

వాస్తవం: ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి మార్చండి, ఉంటే పైలట్ బేరింగు కూడా. ఇంజను వెనక ఆయిల్ సీలు చెమర్చినా ఇప్పుడే మార్చాలి, ఎందుకంటే ఆ నూనె కొత్త ప్లేటు మీద పడితే అది జారుతుంది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉంటే చెక్కించాలో మార్చాలో చూపించి తేల్చుకోండి. రెండు భాగాల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను మామూలుగా చెక్కించరు, మార్చేస్తారు.

పాత దుమ్మును గాలితో ఊదకండి. పాత కార్ల ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

అపోహ: స్పోర్ట్స్ కారు కాబట్టి రేసు క్లచ్ వేస్తేనే మేలు.

వాస్తవం: ఇంజను బలం పెంచని కారుకు తయారీదారు ఇచ్చిన రకం క్లచ్ చాలు. రేసు క్లచ్‌తో పెడల్ బరువెక్కుతుంది, రద్దీలో కారు కుదుపుతూ కదులుతుంది.

అపోహ: షాఫ్ట్ పళ్లకు ఎంత గ్రీజు పెడితే అంత సాఫీగా జారుతుంది.

వాస్తవం: పలచటి పూత చాలు. ఎక్కువైనది తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీద పడుతుంది.

అపోహ: కొత్త క్లచ్ పట్టు ఎంతో మొదటి రోజే గట్టిగా లాగించి చూడాలి.

వాస్తవం: కారును దించకముందే గాలి తీసి, ఇంజను ఆపి ఉండగా ఎవరినైనా పెడల్ తొక్కమని, క్లచ్ ఫోర్క్ (రిలీజ్ బేరింగును నెట్టే మీట) కదలిక చూడండి. అన్ని గేర్లూ పడాలి. దించి కొద్ది దూరం నడిపి వచ్చాక కింద నూనె చుక్కలు పడుతున్నాయేమో టార్చి వేసి చూడండి. మొదటి 800 కిలోమీటర్లు ఆగుతూ కదులుతూ మామూలుగా నడపండి. కొత్త ప్లేటు, ఫ్లైవీల్ ఒకదానికొకటి అలవాటు పడాలి. మొదట్లో కాస్త వాసన వస్తే కంగారు పడకండి. రోజులు గడిచినా తగ్గకపోతే మాత్రం పెడల్‌కు పైన ఉండవలసిన ఖాళీ ఉందో లేదో చూడండి. అది లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా జారుతూనే ఉంటుంది.