తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ ఎందుకు తిప్పాలి?

ఒరే చిన్నా, అమ్మా బుజ్జీ,

సువర్ణరేఖ మామిడిపళ్ల లోడుతో మామయ్య పికప్‌లో విజయనగరం వచ్చారు కదా, దార్లో బుజ్జి అడిగిన ప్రశ్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "రోడ్డు తిన్నగానే ఉంది, మరి మామయ్య అస్తమానం స్టీరింగ్ అటూ ఇటూ ఎందుకు తిప్పుతున్నాడు?" ఆ సీట్లో రోజూ పెద్దవాళ్లు కూర్చుంటారు, ఒక్కరూ అడగలేదు.

మన ఊరి ఇల్లు గుర్తు తెచ్చుకోండి. అరుగు మీద తాత ఒక మాట అంటాడు. అది నానమ్మ వింటుంది, పెద్దనాన్నకు చెబుతుంది. పెద్దనాన్న చిన్న మాటను పెద్దది చేసే రకం. గట్టిగా చిన్నాన్న మీద అరుస్తాడు. చిన్నాన్న పెరట్లోకి వెళ్లి కవల పిల్లల్లో ఒకణ్ణి చెయ్యి పట్టి తిప్పుతాడు. ఒకడి చెయ్యి ఇంకొకడు వదలడు కాబట్టి ఇద్దరూ తిరుగుతారు. మామయ్య చేతిలో ఉన్న స్టీరింగ్ తాత, దాని కింది రాడ్డు నానమ్మ, కొద్దిపాటి బలాన్ని పెద్ద బలం చేసే స్టీరింగ్ బాక్స్ పెద్దనాన్న, ఆ బలాన్ని టైరు దాకా మోసుకెళ్లే రాడ్డు, డ్రాగ్ లింక్, చిన్నాన్న. కవలలు ముందు టైర్లు, వాళ్లు పట్టుకున్న చేతులు టై రాడ్.

వీళ్లలో ఎవరికి బద్ధకం వచ్చినా తాత మాట పెరడు చేరేసరికి ఆలస్యం. బండిలో ఆ బద్ధకాన్ని 'ప్లే' అంటారు. రాడ్ల చివర గుండుల్లాంటి జాయింట్లు ఉంటాయి. వాటి మీది రబ్బరు చిరిగి దుమ్ము లోపలికి పోతే గ్రీజు ఎండి అరుగుతాయి. అప్పుడు స్టీరింగ్ కొంత తిరిగాక గానీ టైరు కదలదు. ఈలోగా బండి పక్కకు జరుగుతుంది, మామయ్య సర్దుతాడు, అది ఇంకోవైపు జరుగుతుంది. కాస్త ప్లే కొత్త బండికీ ఉంటుంది. రెండు వేళ్ల వెడల్పు దాటిందంటే మాత్రం కింద చూడాల్సిందే.

బద్ధకస్తుడెవరో ఎలా తెలుస్తుంది? మా చిన్నప్పుడు సాలూరు విజయనగరం జిల్లాలోనే ఉండేది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. అప్పుడూ ఇప్పుడూ లారీల ఊరే. రాయపూర్ నుంచి కొరాపుట్ మీదుగా ఘాట్ దిగి వచ్చిన లారీలు షెడ్ల ముందు బారులు తీరేవి. సెలవుల్లో నేను అక్కడే తిరిగేవాణ్ణి. ఒక ముసలి మేస్త్రీ ముందుగా స్పానర్ పట్టేవాడు కాదు. టైర్లకు రాళ్లు పెట్టించి, బండి కింద పడుకుని, నన్ను సీటెక్కించేవాడు. "ఊపు బావూ, కొద్దిగానే ఊపు" అనేవాడు. నేను స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తుంటే ఆయన ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు. ఒకవైపు రాడ్డు కదిలి, రెండోవైపుది కాసేపాగి 'టక్' మంటే దొంగ దొరికినట్టే. నాకు కూలి ఒక బన్ను. లారీని నేనే బాగుచేసినట్టు ఇంటికి నడిచేవాణ్ణి.

ఆ పరీక్షకు బండిని జాకీ మీద లేపకూడదు. టైర్లు నేలను పట్టుకుని ఉంటేనే లూజు బయటపడుతుంది. పవర్ స్టీరింగ్ బండికి ఇంజన్ ఆన్‌లో ఉండాలి, కాబట్టి కిందికి దూరడం మేస్త్రీ పని, ఊపడం మీ పని. మామయ్య ముందు అలైన్‌మెంట్, అంటే టైర్లు సరైన కోణంలో నిలిచేలా సర్దడం, చేయిస్తానంటున్నాడట. అరిగిన జాయింట్లు ఉంచుకుని అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ. నాలుగు గుంతలు దాటితే మళ్లీ మొదటికే వస్తుంది.

బండి ఒకేవైపు లాగితే ముందు గాలి చూడమనండి, కవలల్లో ఒకడికి ఆకలేస్తోందేమో. గాలి సమానంగా ఉన్నా లాగితే ఒక చక్రానికి బ్రేకు పట్టేసి ఉండొచ్చు, ఆ చక్రం మిగతావాటికంటే వేడెక్కుతుంది. ఒక స్పీడులోనే స్టీరింగ్ వణికితే చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగ్ తప్పినట్టు, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేనట్టు. గుంతలో పడ్డాక ముందు భాగమంతా గజగజలాడితే మాత్రం ఆ బండి షెడ్డుకే వెళ్లాలి, లోడుకి కాదు.

ఇక స్టీరింగ్ బిగుసుకుపోవడం. గాలి తక్కువైనా, పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గినా బరువెక్కుతుంది. మామయ్యది ఫోర్‌వీల్ బండి కదా, ఇంకో కారణం కూడా ఉంది. తోట బురదలో నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేలా లివర్ వేసి, తారు రోడ్డెక్కాక తీయడం మరిచిపోతే మలుపులో స్టీరింగ్ మొరాయిస్తుంది, టైర్లు ఎగిరెగిరి పడతాయి. ఏ జాయింటూ పాడవ్వలేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం నడవాలి, ఆ లివరేమో రెండింటినీ ఒకే లెక్కన నడవమంటుంది. బురదలో టైర్లు జారి సర్దుకుంటాయి. తారు మీద జారవు.

నమ్మకం కుదరకపోతే రైసుమిల్లు సిమెంటు కళ్లం మీద బకెట్టు నీళ్లు పోయించండి. మామయ్యను ఆ తడిలోంచి పోనిచ్చి, బాగా నెమ్మదిగా గుండ్రంగా తిప్పమనండి. మీరు దూరంగా గట్టు మీద నిలబడండి. బండి వెళ్లాక ఎన్ని గీతలు పడ్డాయో, బయటి గీత ఏ టైరుదో చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆపాక ముందునుంచి కూడా చూడండి, లోపలి టైరు బయటిదానికంటే ఎక్కువ వంగి ఉంటుంది. ఎందుకో నేను చెప్పను. ఆ గీతలు ఆరకముందే సుద్దముక్కతో దిద్ది, చూసి చెప్పండి.

మీ తాత