గడియ లోపలి వైపు ఉంటుంది

ఉదయం మోకీలు మార్పిడి ఆపరేషన్. సాయంత్రానికి అమ్మ నవ్వుతూ ఇడ్లీ తిన్నారట. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఆపరేషన్ అయినట్టే లేదే!" అన్నారట. అర్ధరాత్రి దాటాక మాత్రం ఒకటే ఏడుపు. తెల్లారగానే మేనత్త దిష్టి తీసింది. "మత్తు డాక్టరు ఏమైనా పొరపాటు చేశారా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పొరపాటూ కాదు, దిష్టీ కాదు. మొద్దుబార్చిన మందు దిగిపోయింది, అంతే. అయితే ఆ మందు నరంలోకి ఎక్కే తీరు చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

సోడియం అయాన్లు నరం గోడలోని సన్నని ద్వారాల్లోంచి లోపలికి దూకుతుంటేనే నొప్పి కబురు ముందుకు సాగుతుంది. ద్వారం మూస్తే కబురు ఆగుతుంది. చిక్కేమిటంటే, గడియ లోపలి వైపు ఉంది, మందు పడేదేమో బయట. గోడ కొవ్వుతో కట్టింది. విద్యుదావేశం ఉన్న అణువు ఆ కొవ్వులో దూరలేదు. ఆవేశం లేనిది సులువుగా దూరుతుంది గానీ, గడియ గట్టిగా పెట్టలేదు.

అందుకే మందుకు రెండు వేషాలు. ఇలా మొద్దుబార్చే మందుల్లో ఒకటైన లిగ్నోకేయిన్ అణువుల్లో నూటికి పాతిక దాకా ఆవేశం లేని వేషంలో ఉంటాయి. అవి గోడ దాటి, లోపల ఒక ప్రోటాన్‌ను (ధనావేశమున్న కణాన్ని) తగిలించుకుని, రెండో వేషంలో గడియ పెడతాయి. బయట ఆ వాటా తగ్గగానే మిగిలినవాటిలో కొన్ని వేషం విప్పి బయల్దేరతాయి.

చీము దగ్గర ఆమ్లం ఎక్కువ. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ (ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) ఒక్క అంకె తగ్గితే ఆ పాతిక కాస్తా మూడుకు పడిపోతుంది. చీముపట్టిన పన్నుకు సూది సరిగ్గా పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. "తాగుడు అలవాటుంటే మత్తెక్కదు" అని నిందపడ్డవాళ్లలో చుక్క ముట్టని పెద్దమనుషులు ఎందరో! కాలేజీలో పీహెచ్ లెక్కలు మార్కుల కోసం బట్టీ పట్టించారు గానీ, ఈ పన్ను కథ ఒక్కరూ చెప్పలేదు.

ఇక మోకీలు. ఈ ఆపరేషన్‌కు చాలాచోట్ల రెండు సూదులు వేస్తారు. వెన్నులో వేసింది రెండు మూడు గంటల్లో దిగుతుంది. తొడలో నరం పక్కన వేసింది పన్నెండు గంటలో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. రక్తం మందును కొంచెం కొంచెంగా మోసుకుపోతుంటే గడియలు ఊడతాయి. కోసిన ఎముక మాత్రం అలాగే ఉంది కదా! అంతసేపూ ఆగిన కబురు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ తన సహాయకుడి వెన్నులోకి మొద్దుబార్చడానికి కొకెయిన్ ఎక్కించి, మోకాలి కింద కాలి ముందు ఎముక మీద ఇనుప సుత్తితో కొట్టాడు. సహాయకుడికి నొప్పి తెలియలేదు. ముప్పావు గంటకు స్పర్శ తిరిగొచ్చింది, ఆ తర్వాత కమిలిన చోట్లన్నీ సలిపాయి.

"నొప్పి లేదుగా, మాత్రెందుకు?" అని దిండు కింద దాచేవాళ్లను నేనెరుగుదును. అసలు మాత్ర వేసుకోవాల్సింది అప్పుడే, కాలు ఇంకా మొద్దుబారి ఉన్నప్పుడే. నొప్పి మొదలయ్యాక మింగితే అది పనిచేసేలోగా అరగంటో గంటో నరకం. ఏ టైముకి దిగుతుందో మత్తు డాక్టరునే ముందుగా అడగొచ్చు.

అమ్మగారి రెండో మోకీలు సంక్రాంతి తర్వాతట. ఆ రాత్రి పడుకునే ముందే, డాక్టరు రాసిన మాత్ర దగ్గరుండి వేయించండి. దిష్టి సంగతి మేనత్త చూసుకుంటారు.